పైపు వస్తేనే అప్పు

వేన్స్‌బర్గ్, పెన్సిల్వేనియా

చిన్నీ,

ఆశీస్సులు. ఇల్లు తాకట్టు పెడుతున్నామని అమ్మ నోరు జారినప్పటి నుంచి నువ్వు ముభావంగా ఉంటున్నావు. కూతురు డాలస్‌లో అంత ఉద్యోగం చేస్తుంటే తల్లిదండ్రులు ఇల్లు కుదువబెట్టి బతుకుతున్నారట అని గుడిలో నలుగురూ అనుకుంటారని నీ బాధ. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడిలో ఆ నలుగురినీ నేను చూస్తూనే ఉంటాను. అందులో ముగ్గురు నన్ను ప్రసాదాల దగ్గర పక్కకు పిలిచి "ఆ రివర్స్ మార్ట్‌గేజ్ ఎలా తీసుకోవాలి సార్" అని అడిగినవాళ్ళే. ఆ దిగులు వదిలెయ్యి.

ఫోనులో చెబితే రెండో మాటకే అడ్డొస్తావు. అందుకే రాస్తున్నాను.

మామూలు హోమ్ లోన్‌లో నెలనెలా మనం కడతాం, అప్పు తరుగుతుంది. రివర్స్ మార్ట్‌గేజ్‌లో వాళ్ళు మనకిస్తారు, అప్పు పెరుగుతుంది. మా ఇద్దరిలో ఒక్కరు ఈ ఇంట్లో కాపురం ఉన్నా వాయిదాలు కట్టమని అడగరు. ఫెడరల్ ప్రభుత్వం బీమా ఉన్న రకాన్ని హెకమ్ అంటారు. రేగన్ హయాంలో, 1988లో వచ్చిన చట్టం అది. 62 ఏళ్ళు నిండాలి, ఇల్లు సొంతమై ఉండాలి, అందులోనే నివాసం ఉండాలి. ఎంతిస్తారన్నది ఇద్దరిలో చిన్నవారి వయసును బట్టి, వడ్డీని బట్టి, ఇంటి విలువను బట్టి తేలుతుంది. అమ్మకు 71. ఇప్పటి వడ్డీల్లో ఇంటి విలువలో సగం కూడా రాదు. మాకు అదే చాలు.

వయసుంది, టైటిల్ ఉంది, పాత అప్పు తీరిపోయింది. అడ్డం పడింది నీళ్ళ దగ్గర.

ఈ ఇంటికి బావి లేదని నీకు తెలుసు. ఎందుకు లేదో మాత్రం నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మన గ్రీన్ కౌంటీ కింద పిట్స్‌బర్గ్ సీమ్ అనే బొగ్గు పొర ఉంది. దాన్ని లాంగ్‌వాల్ పద్ధతిలో తీస్తారు. కొత్తగూడెంలో నేను నేర్చుకుని ఈ దేశం వచ్చి అన్నం తిన్నది ఆ పని మీదే. వెయ్యి అడుగులకు పైగా వెడల్పున్న ముఖాన్ని కట్టర్ ఈ కొస నుంచి ఆ కొసకు గీరుకుంటూ పోతుంది. పైకప్పును మోసే ఉక్కు షీల్డులు దాని వెంటే ముందుకు జరుగుతాయి. వెనక బొగ్గు తీసేసిన ఖాళీ, గోఫ్ అంటాం, కూలిపోతుంది. కూలాలనే దాన్ని వదిలేస్తారు. కింద అయిదారడుగుల బొగ్గు పోతే పైన నేల కొన్ని అడుగులు దిగుతుంది, మధ్యలో రాళ్ళు పగుళ్ళిస్తాయి. ఆ రాళ్ళలో నిలిచిన నీరు పగుళ్ళు పట్టుకుని కిందికి జారిపోతుంది. ఈ జిల్లాలో ఊటలు ఎండిపోయాయి, బావులు అడుగంటాయి. రైయర్సన్ స్టేషన్ స్టేట్ పార్కులో డ్యూక్ లేక్ గుర్తుందా, నీకు పడవ ఎక్కాలని మారాం ఉండేది? 2005లో డ్యామ్‌కు బీటలొస్తే నీళ్ళు వదిలేశారు. ఆ చెరువు మళ్ళీ నిండలేదు.

మన బావి మనం కొనకముందే పోయింది. గనులవాళ్ళు నీళ్ళు పోగొడితే మళ్ళీ నీళ్ళు చూపించాల్సిందేనని పెన్సిల్వేనియాలో చట్టం గట్టిగా చెప్పింది 1994లో, యాక్ట్ 54 వచ్చాక. మన ఇంటి కింద తవ్వకం అంతకు చాలాముందే ముగిసింది. అయిదెకరాలతో ఇల్లు ఆ ధరకు దొరికిందంటే కారణం అదే. తెలిసే కొన్నాను. ఇంటి పక్కన కాంక్రీటు సంపు ఉంది, కప్పు మీది వాన నీళ్ళు అందులోకి దిగుతాయి, చాలకపోతే ట్యాంకర్ వస్తుంది, మోటారు ఇంట్లోకి ఎక్కిస్తుంది. నువ్వు పెరిగింది ఆ నీళ్ళతోనే.

విలువ కట్టడానికి అప్రైజర్ వచ్చాడు. మర్యాదస్తుడు. కుళాయిలన్నీ తిప్పాడు, వేడినీళ్ళు చూశాడు, టాయిలెట్ ఫ్లష్ చేశాడు, బేస్‌మెంట్‌లోకి దిగాడు. "బావి ఎక్కడ?" అన్నాడు. సంపు చూపించాను. రాస్తున్నవాడు ఆగి, ట్యాంకర్ ఎక్కడి నుంచి వస్తుంది, రసీదులున్నాయా, నీటి పరీక్ష ఎప్పుడు చేయించారు అని మళ్ళీ మొదటి నుంచి అడిగాడు.

ఈ అప్పులకు బీమా ఇచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్.హెచ్.ఏ. నియమాల ప్రకారం ఇంటికి తాగడానికి పనికొచ్చే నీళ్ళు ఎప్పుడూ అందుతుండాలి. పబ్లిక్ లైను అందుబాటు ఖర్చులో ఉంటే దానికి కలపాలి. బావి అయితే సెప్టిక్ ట్యాంకుకు 50 అడుగులు, దాని నీళ్ళు ఇంకే చోటికి 100 అడుగులు దూరముండాలి, పరీక్షలో నెగ్గాలి. పావు మైలు లోపల బొగ్గు గనో గ్యాస్ డ్రిల్లింగో ఉంటే బావి నీళ్ళకు పరీక్ష తప్పనిసరి. ఇక్కడ కింద బొగ్గు గని, కొండ వెనక షేల్ గ్యాస్. మేము మొదట అడిగిన సంస్థ ట్యాంకర్ నీళ్ళ ఇల్లు తమకు వద్దని రెండు వాక్యాల ఈమెయిల్ పంపి ఊరుకుంది.

అమ్మకు ఒళ్ళు మండింది. మణికొండలో మీ బాబాయివాళ్ళ అపార్ట్‌మెంటుకు ఎండాకాలమంతా ట్యాంకర్లే, దాని మీద బ్యాంకులు పిలిచి మరీ లోన్లిస్తాయి కదా అంటుంది. ఆమె మాటా నిజమే. కానీ రాత్రి కూర్చుని వాళ్ళ వైపు నుంచి లెక్క వేశాను. ఈ అప్పుకు పూచీ మనం కాదు, ఇల్లొక్కటే. రేపు అప్పు ఇంటి విలువను మించిపోయినా నా మిగతా ఆస్తి మీదికి గానీ నీ జీతం మీదికి గానీ వాళ్ళు రాలేరు. అలాంటప్పుడు ఆ ఇల్లు అమ్ముడుపోతుందా లేదా అన్నదే వాళ్ళకు ప్రాణం. జనవరి మంచులో ట్యాంకర్ ఈ గుట్ట ఎక్కలేకపోతే ఇంట్లో ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళు ఏం తాగుతారన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. పోయిన చలికాలం మేము మంచు కరగబెట్టుకుని గిన్నెలు కడిగాం. నీకు చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. చెప్పేశాను.

కొత్తగా బోరు వేయిద్దామా అని నువ్వు అడుగుతావు. వద్దు. కింద నేల ఎలా పగిలి ఉంటుందో నాకు తెలుసు. డ్రిల్లర్ నీళ్ళు పడతాయని హామీ ఇవ్వడు, పడినా ఇనుమో మీథేనో గంధకపు వాసనో రాదని అసలే ఇవ్వడు. పడకపోయినా అడుగుల లెక్కన బిల్లు మాత్రం వస్తుంది.

మిగిలిన దారి పైపు. కింద రోడ్డు మీద చర్చి దాకా పబ్లిక్ లైను ఉంది. అక్కడి నుంచి మన గేటు దాకా ఉన్న ఇళ్ళన్నిటిదీ ఇదే అవస్థ. నేనూ, మేకల ఫారం ఆయనా కలిసి ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాం. అందరూ కలుస్తామంటే లైను పొడిగిస్తామని నీటి సంస్థ ఒప్పుకుంది. రోడ్డు దాకా వాళ్ళది, రోడ్డు నుంచి ఇంటి దాకా కాలువ తవ్వి పైపు వేసుకోవడం, కనెక్షన్ ఫీజు మనది. ఇక్కడ మంచు నేలలోకి దిగుతుంది కాబట్టి పైపు లోతుగా వెయ్యాలి, అందుకే ఖర్చు.

పల్లెల్లో ముసలివాళ్ళ ఇళ్ళ బాగుకు యు.ఎస్.డి.ఏ., అంటే ఇక్కడి వ్యవసాయ శాఖ వాళ్ళది 504 అని ఒక పథకం ఉంది. 62 దాటినవాళ్ళకు 10,000 డాలర్ల దాకా గ్రాంటు, లేదా ఒక శాతం వడ్డీకి 20 ఏళ్ళ అప్పు. ఆదాయం బాగా తక్కువుండాలి. మా పెన్షన్ ఆ పథకానికి ఎక్కువ, బతకడానికి తక్కువ.

రెండో సంస్థవాళ్ళు కాస్త ఓపికగా విన్నారు. చిన్న మరమ్మతులైతే ఖర్చుకు సరిపడా డబ్బు అప్పులోంచి పక్కన పెట్టి తర్వాతైనా చేయించుకోవచ్చట. తాగునీళ్ళు మాత్రం ముందే రావాలన్నారు. అంటే పైపు వస్తేనే అప్పు, అప్పు వస్తేనే పైపుకు డబ్బు. ఇక్కడే నువ్వు కావాలి.

నెలనెలా పంపుతానన్నావు, వద్దన్నాను. ఇప్పుడూ వద్దనే అంటాను. నెలనెలా తీసుకుంటే నీకు ఉద్యోగం మారాలన్నా, పిల్లను మంచి బడిలో వెయ్యాలన్నా మా మొహాలు గుర్తొస్తాయి. పైపు ఖర్చు మాత్రం నువ్వు పెట్టు. ఒక్కసారే. ఆడపిల్ల సొమ్ము అని మీ నానమ్మ ఉంటే దెప్పేది, నాకు ఆ పట్టింపు లేదు. తిరిగివ్వను. డబ్బు ఎక్కడిదని వాళ్ళు అడుగుతారు గనుక, ఇది కానుకే గానీ అప్పు కాదని నువ్వు ఒక కాగితం రాసి సంతకం పెట్టాలి. నమూనా పంపిస్తాను.

ఇక నువ్వు తెలుసుకోవాల్సినవి. ఇద్దరి పేర్లూ అప్పులో ఉంటాయి, నేను పోయినా అమ్మను ఇంట్లోంచి కదిలించలేరు. ఇంటి పన్ను, బీమా, మరమ్మతులు మాత్రం మావే. ఈ మూడింట్లో తప్పితే అప్పు మొత్తం ఒకేసారి తీర్చమంటారు, ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కువగా పోగొట్టుకుంది అక్కడే. గని కుంగుబాటుకు మామూలు ఇంటి బీమా వర్తించదు, దానికి రాష్ట్రమే విడిగా పాలసీ ఇస్తుంది. అది నీలం ఫైలులో ఉంది, ఏటా కట్టేది నువ్వు కూడా ఒకసారి చూసుకో. జబ్బు చేసి ఇద్దరం వరసగా 12 నెలలు దాటి ఇంటికి దూరంగా నర్సింగ్ హోమ్‌లోనో ఎక్కడో ఉండిపోతే అప్పు తీర్చాల్సిన గడువు వచ్చినట్టే. చలికాలం కొత్తగూడెం వెళ్ళి రావడానికి అభ్యంతరం లేదు. ఇక్కడే ఉంటున్నారా అని ఏడాదికొక కాగితం వస్తుంది, అది చెత్తలో పడకుండా చూడు.

మేమిద్దరం పోయాక నీకు ఉత్తరం వస్తుంది. ఏం చేస్తావో చెప్పడానికి 30 రోజులు, అమ్మడానికో డబ్బు కూర్చుకోవడానికో ఆరు నెలలు, అడిగితే ఇంకా కొంత గడువు. ఇల్లు ఉంచుకోవాలంటే ఉన్న అప్పు గానీ, అప్పటి విలువలో 95 శాతం గానీ, ఏది తక్కువైతే అది కట్టాలి. అమ్మితే అప్పు పోగా మిగిలింది నీదే. ఏదీ వద్దనుకుంటే తాళాలిచ్చి రా, ఎవరూ వెంటపడరు. ఉత్తరానికి జవాబు మాత్రం ఇవ్వు.

ఖర్చులు తక్కువేం కాదు. ఇంటి విలువలో 2 శాతం బీమా ముందే తీసుకుంటారు, ఆ తర్వాత ఏటా అప్పు మీద అర శాతం. అప్పిచ్చేవాడి ఫీజు వేరే, దానికి 6,000 డాలర్ల పరిమితి ఉంది. రెండు మూడేళ్ళలో డాలస్ వచ్చేసేదుంటే ఇది శుద్ధ దండగ. మేము రావడం లేదు. అక్కడ ఆ నలభై డిగ్రీల ఎండలో మీ అపార్ట్‌మెంటు బాల్కనీలో నేనేం చెయ్యను చెప్పు.

ఇండియాలోనూ 2007 నుంచి 60 దాటినవాళ్ళకు ఈ పద్ధతి ఉంది. పిల్లలు ఊరుకోరని పెద్దగా ఎవరూ తీసుకోలేదు. మీ పెదనాన్న అడుగుతున్నాడు గానీ, కొత్తగూడెం చుట్టుపక్కలంతా ఏజెన్సీ, గిరిజనేతరులకు భూమి చేతులు మారకుండా ఆపే 1/70 చట్టం, సింగరేణి జాగా. ఆయనకు ఇంటి నిండా నీళ్ళున్నాయి, పట్టా లేదు. అన్నదమ్ములిద్దరి కాగితాలూ కలిపితే ఒక అప్పు పుట్టేది.

సంతకం పెట్టేముందు హడ్, అంటే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, గుర్తించిన కౌన్సెలర్‌తో మాట్లాడటం తప్పనిసరి, ఆ సర్టిఫికెట్ లేనిదే దరఖాస్తు ముందుకు కదలదు. ఫోను మీద గంట పైన పడుతుందట. పిల్లలు కూడా వినొచ్చు. వచ్చే మంగళవారం పది గంటలకు పెట్టించాను, మీకు తొమ్మిది. నీ అనుమానాలన్నీ ఆయన్నే అడుగు, నన్ను అడిగితే నేను నా వైపే చెబుతాను. అల్లుడిని కూడా కూర్చోబెట్టు, అతను లెక్కల్లో గట్టివాడు. పైపు కొటేషన్ ఈ కవర్లోనే ఉంది. రెండో పేజీలో రాళ్ళు తగిలితే ఎక్కువవుతుందని చిన్న అక్షరాల్లో రాశాడు. రాళ్ళు తగులుతాయి, దానికి తగ్గట్టే చూసుకో.

అమ్మ గోంగూర పచ్చడి విడిగా పంపిస్తోంది.

నీ
నాన్న