గంటల పాట బెర్లియోజ్‌ది కాదండీ

పారిస్‌లో మా తెలుగు నడకలకు వచ్చినవారికి, వచ్చే నెలకు బుక్ చేసుకున్నవారికి నమస్కారం.

రెండేళ్లుగా ఒపేరా నడకలో మీకు ఒక తప్పు చెబుతూ వచ్చాను. లూయీజ్ బెర్తాన్ అనే ఆవిడ పేరు మీదున్న 'లా ఎస్మెరాల్డా' ఒపేరాలో, అంటే పాటలతో నడిచే నాటకంలో, చర్చి గంటలు మోగించే గూనివాడు క్వాసిమోడో పాడే గంటల పాట వినిపించి, "పేరు లూయీజ్ బెర్తాన్‌ది గానీ రాసింది పేరుమోసిన స్వరకర్త బెర్లియోజే" అనేవాణ్ణి. అది 1836లో గిట్టనివాళ్లు లేపిన పుకారు. ఆ పాట ఆవిడే కట్టింది.

పోయిన నెల గుంటూరు నుంచి వచ్చిన ఒక సంగీతం టీచరుగారు "ఆధారం ఏమిటి బాబూ?" అని అడిగారు. నా దగ్గర లేదు. ఆ రాత్రే బెర్లియోజ్ ఆత్మకథ తీశాను. రిహార్సల్స్ నడిపించింది ఆయనే, కొన్ని సలహాలూ ఇచ్చాడు. పాట మాత్రం తనది కాదని ఆయనే రాసుకున్నాడు.

ఇంత బాధ ఎందుకంటే, ఆ ఒపేరాను చంపింది ఇలాంటి మాటలే. లూయీజ్ 1805లో పుట్టింది, ఊతకర్రల మీద నడిచేది. రచయిత విక్టర్ హ్యూగో ఈ గూనివాడి కథ ఉన్న తన నవలను తానే ఒపేరాకు మాటలుగా రాసి ఇచ్చింది ఈవిడ ఒక్కతికే. ఆర్కెస్ట్రా సంగీతాన్ని పియానో మీద వాయించేలా రాసిచ్చింది పేరున్న పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్. పాడింది ఫాల్కన్, నూరీ, అంటే ఆనాటి మేటి గొంతులు. కానీ వాళ్ల నాన్న నడిపే పత్రిక ప్రభుత్వం పక్షాన ఉండేది, దానికి శత్రువులు బోలెడు. ఆడపిల్ల ఒపేరా రాయడమేమిటన్న చిరాకు దానికి తోడయింది. హాల్లో ఈలలు, 'బెర్తాన్లు డౌన్ డౌన్' అని అరుపులు. ఆరు ప్రదర్శనలతో ఆగిపోయింది. 1877 దాకా బతికినా ఆవిడ మళ్లీ ఒపేరా రాయలేదు. జనం చప్పట్లు కొట్టిన ఆ ఒక్క పాటను కూడా ఆవిడకు దక్కనివ్వలేదు. ఆ పని నేనూ చేశాను. క్షమించండి.

అందుకే నడక మారుస్తున్నాను. లూవ్ర్‌లో మొదలుపెడదాం. మోకాళ్ల మీద చేతులు బిగించి కూర్చున్న పెద్దాయన బొమ్మ ఒకటుంది, 1832లో చిత్రకారుడు ఆంగ్ర్ వేసింది. ఆయనే లూయీజ్ తండ్రి. తర్వాత ఈ ఒపేరాను మొదట ఆడిన నాటకశాల ఉన్న లె పెలెతియే వీధి. ముందే చెబుతున్నా, అక్కడ చూడ్డానికేమీ లేదు, ఆ నాటకశాల 1873లో కాలిపోయింది. చివరికి లా షాపెల్, అదే, మనవాళ్లు చింతపండు, కరివేపాకు కొనుక్కునే చోటు. దాని పక్కనే ఉన్న బూఫ్ దు నోర్ థియేటర్లో 2023లో కొద్దిమంది వాద్యకారులతోనే ఈ ఒపేరాను మళ్లీ ఆడారు. 2008లో మోంపెలియేలో పూర్తి ఆర్కెస్ట్రాతో చేసిన కచేరీ రికార్డింగ్ ఉంది. అందులోంచి గంటల పాటను లా షాపెల్‌లో కూర్చుని మొత్తం విందాం, ఈసారి ఆవిడ పేరుతోనే.

రెండు గంటల నడక కాస్తా మూడున్నర అవుతుంది. ఫీజు పెంచడం లేదు, లూవ్ర్ టికెట్ మాత్రం మీదే. మంగళవారం మ్యూజియం సెలవు కాబట్టి ఆ రోజు బుకింగులు బుధవారానికి జరిపాను. కుదరనివాళ్లకు డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను. పాత నడకకు వచ్చినవాళ్లు ఎప్పుడైనా ఉచితంగా రావచ్చు. ఇండియా వెళ్లిపోయిన వాళ్లు ఒక మెసేజ్ పెట్టండి, సరిచేసిన కథను నా గొంతుతో రికార్డు చేసి పంపిస్తాను.