అన్నిటికీ 'అడుగుట' అంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడిలో సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లిషు ట్యూషన్ చెబుతుంటాను. ఇక్కడ మన పిల్లలకు బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. మీ విద్యార్థి పేజీ కత్తిరించి వాళ్లచేత చదివిస్తుంటాను కాబట్టే ఈ ఉత్తరం.

ఇంగ్లిషు క్రియలకు పర్యాయపదాలంటూ వేస్తున్న పట్టికలో 'ఆస్క్' పక్కన ఎంక్వయిర్, డిమాండ్, ఇంటరాగేట్ వరసగా పెట్టి, అన్నిటికీ 'అడుగుట' అని ఒకటే అర్థం ఇచ్చారు. అది బట్టీపట్టిన ఏడో తరగతి కుర్రాడు, వాళ్ల అమ్మమ్మ సంతలో టమాటాల ధర 'ఇంటరాగేట్' చేసిందని రాశాడు. అది పోలీసులు కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడగడం కదండీ! ఆవిడ బేరం గట్టిదే, కాదనను.

'లుక్' పట్టిక ఇంకో తంటా. గ్లాన్స్‌కు 'అవలోకించుట', గేజ్‌కు 'వీక్షించుట'. ఈ తెలుగుకు మళ్లీ అర్థం నేనే చెప్పుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి, ఈ గ్రాంథికం పిల్లల చేత వల్లెవేయించడం నావల్ల కాదు. గ్లాన్స్ అంటే ఓసారి అలా చూసి చూపు తిప్పుకోవడం, స్టేర్ అంటే కళ్లప్పగించి చూడడం, గ్లేర్ అంటే గుడ్లురమడం, పీప్ అంటే తొంగిచూడడం అని చెప్పి చూడండి, పిల్లలు చేసి మరీ చూపిస్తారు. ఎలా చూశారో, ఎలా నడిచారో ఇంగ్లిషులో చాలాసార్లు క్రియలోనే ఇమిడిపోతుంది. మనం దాని ముందు ఓ మాట చేర్చుకుంటాం. కిసుక్కున నవ్వితే గిగిల్, కాళ్లీడ్చుకుంటూ నడిస్తే ట్రడ్జ్, తూలుతూ నడిస్తే స్టాగర్. ఆ మాటలన్నీ మా పిల్లల నోట్లో ఉన్నవే.

ఏది ఎక్కడ వాడాలో కూడా ఓ ముక్క రాయండి. పర్చేజ్ ఆఫీసు కాగితాలకు బాగుంటుంది, కిళ్లీకొట్లో చాక్లెట్టుకు 'బై' చాలు. కథలో 'సెడ్' నాలుగుసార్లు వచ్చినా కొంప మునగదు.

వచ్చేవారం 'ఈట్' అని ప్రకటించారు. దయచేసి అన్నిటికీ 'భుజించుట' వేయకండి. గాబుల్‌కు గబగబా మింగడం, నిబుల్‌కు కొంచెం కొంచెం కొరుక్కు తినడం, డివవర్‌కు ఆవురావురుమని తినడం అని వేస్తే, మర్నాడే పాఠం మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక ట్యూషన్ మాస్టారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా