చెట్టు మీంచి దించినవాళ్ళకీ, అంతకు నెల ముందే నన్ను కాపాడిన అక్కకీ

ముందుగా, నేను బాగానే ఉన్నాను. ముంజేతుల నిండా గీతలు, ఎడమ మడమ కొంచెం వాచింది, అంతే. ఆ రోజు నుంచి వచ్చిన ఫోన్లకీ మెసేజ్‌లకీ ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పలేకపోయాను, ఏమనుకోకండి. పారాగ్లైడింగ్‌లో నాకు ఏం జరిగిందో చాలామందికి ఈపాటికి తెలిసిపోయింది కాబట్టి, ఎవరి వల్ల బయటపడ్డానో అది రాద్దామని కూర్చున్నాను. వాళ్ళలో ముగ్గురు పేర్లు రాయొద్దన్నారు, మిగతా ఇద్దరి పేర్లు నాకే తెలియవు. అందుకని పేర్లు లేకుండానే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. పారాగ్లైడింగ్ అంటే వింగ్ అనే పెద్ద గుడ్డ రెక్కకి లైన్లతో, అంటే సన్నటి తాళ్ళతో, వేలాడుతూ ఎగరడం. ఆ రోజు సాయంత్రం ఫ్లైట్, గాలి మెత్తగానే ఉంది. త్వరగా దిగిపోదామని బిగ్ ఇయర్స్ లాగాను, అంటే వింగ్ రెండు కొసలూ కిందికి మడిచాను. కాసేపటికి వదిలితే కొసలు తెరుచుకున్నాయి గానీ వింగ్ ముందుకి కదల్లేదు. తలెత్తి చూస్తే ఎక్కడా ఒక్క ముడత లేదు, నిండుగా ఉంది. కానీ చెవుల దగ్గర ఎప్పుడూ ఉండే గాలి హోరు ఆగిపోయింది, బ్రేకులు, అంటే వింగ్ వెనక అంచుని కిందికి లాగే తాళ్ళు, చేతుల్లో పట్టు లేనట్టు జారుతున్నాయి, కాళ్ళ కింద చెట్లు ఉన్నచోటే ఉండి పెద్దవవుతున్నాయి. డీప్ స్టాల్, అంటే వింగ్ నిండుగానే ఉండి ముందుకి ఎగరకుండా నిలువునా కిందికి దిగిపోవడం. పుస్తకంలో పదిసార్లు చదివాను, పరీక్షలో సరిగ్గా రాశాను కూడా. అక్కడ మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు.

మొదటి కృతజ్ఞత కింద రేడియో పట్టుకుని ఉన్న అన్నకి. నాకంటే ముందే కనిపెట్టాడు. "చేతులు పైకి, స్పీడ్ బార్ తొక్కు" అన్నాడు, అరవలేదు, మామూలు గొంతుతోనే చెప్పాడు. స్పీడ్ బార్ అంటే కాళ్ళతో తొక్కితే వింగ్ వేగం పెంచే కడ్డీ. నేను విన్నాను, విని కూడా సరిగ్గా తిరగేసి చేశాను. చెట్లకి దూరంగా తిరగాలన్న కంగారులో కుడి బ్రేక్ లాగేశాను. ముందుకి ఎగరని వింగ్‌కి బ్రేక్ వేస్తే ఏమవుతుందో అదే అయింది, కుడి పక్క వెనక్కి వాలిపోయి గిర్రున తిరిగింది, లైన్లు నా తల వెనక మెలిపడ్డాయి. అప్పుడు ఇంకో సలహా చెప్పి టైమ్ పోగొట్టకుండా "రిజర్వ్" అని ఒక్కటే మాట అన్నాడు, అంటే అత్యవసరానికి ఉంచుకునే పారాచూట్ విసరమని. తర్వాత అడిగితే, "నువ్వు ఇంకా వింగ్‌నే బాగుచేసుకుందామని చూస్తున్నావని కింద నుంచి తెలిసిపోయింది, ఆ ఎత్తులో అది కుదిరే పని కాదు" అన్నాడు. నిజమే. ఆయన అనకపోతే నేను ఇంకో రెండు చుట్లు పోరాడేవాణ్ణి, ఆ రెండు చుట్లకి సరిపడా ఎత్తు నా కింద లేదు.

ఇక అక్క సంగతి. అసలు ఈ పోస్టు రాయడమే ఆమె కోసం, ఎందుకంటే అప్పట్లో ఆమె మీద నేను విసుక్కున్నాను, ఒకరిద్దరి దగ్గర నోరు కూడా జారాను.

నెల క్రితం కొత్త హార్నెస్, అంటే ఎగిరేటప్పుడు కూర్చునే పట్టీల సీటు, కొన్నాను. పాతదాంట్లో ఉన్న రిజర్వ్ పారాచూట్‌ని నేనే తీసి కొత్తదాంట్లో పెట్టేశాను, వీడియో చూసి. పెద్ద పనేం కాదనిపించింది. అక్క ఒకసారి నా హార్నెస్ చూసి, "ఇది ఎవరు పెట్టారు? దూలానికి వేలాడదీసి విసిరి చూశావా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే రేపు రా" అంది. రేపు ఎగరాలక్కా, వాతావరణం బాగుంది అన్నాను. "వాతావరణం ఎల్లుండి కూడా ఉంటుంది" అంది. వెళ్ళాను, మొహం మాడ్చుకునే వెళ్ళాను.

హార్నెస్‌లో కూర్చోబెట్టి పైకి కట్టేసి, కళ్ళు మూసుకోమని గిర్రున తిప్పి వదిలి, ఇప్పుడు విసురు అంది. హ్యాండిల్ దొరికింది. లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. అయినా రాలేదు. ఎందుకంటే హ్యాండిల్ నుంచి రెండు పట్టీలు బయలుదేరతాయి, ఒకటి హార్నెస్‌కి తాళం వేసిన పిన్నులకి, ఇంకోటి లోపలి సంచికి. లాగినప్పుడు ముందు పిన్నులు ఊడాలి, ఆ తర్వాతే సంచి మీద బరువు పడాలి. నా పాత హ్యాండిల్ కొత్త హార్నెస్‌కి పొట్టి అయింది, దాంతో పిన్నులు ఊడకముందే సంచి బిగుసుకుంటోంది, నేను ఎంత బలంగా లాగితే అంత గట్టిగా నేనే తాళం వేసుకుంటున్నానన్నమాట. చూడటానికి మాత్రం అంతా చక్కగా, సర్దినట్టు ఉంది. అలా నేను అప్పటికి 6 సార్లు ఎగిరాను.

అక్క సరైన హ్యాండిల్ తెప్పించి వేసింది. రిజర్వ్ మొత్తం విప్పి పరిచి గాలి తగలనిచ్చింది, మడతలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. లైన్లు పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు జిగురులా సాగుతున్నాయి, అన్నీ తీసి కొత్తవి వేసింది. ఆఖరిసారి ఎప్పుడు మళ్ళీ మడిచావు అని అడిగితే సిగ్గుతో సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను అక్కా, రెండేళ్ళు దాటింది. ఎక్కువ కంపెనీలు 6 నెలలకో ఏడాదికో ఒకసారి విప్పి మడవమంటాయి. తర్వాత నాతో పదిసార్లు విసిరించింది. చూడు, పట్టు, లాగు, విసురు. ఎటు పడితే అటు కాదు, ఖాళీ గాలిలోకి. విసిరాక హ్యాండిల్ చేతిలో ఉంచుకుంటే పారాచూట్ తెరుచుకోదు, మొత్తం వదిలెయ్యాలి. నాలుగోసారికే నాకు విసుగొచ్చింది. ఆమెకి రాలేదు.

ఆ సాయంత్రం నా చెయ్యి ఆ పని తనంతట తనే చేసేసింది. నేను ఆలోచించి చేశానని చెబితే అబద్ధం. విసిరాను, ఒక్క కుదుపు, తిరగడం ఆగింది. అంతే, ఇంకా నమ్మబుద్ధి కాలేదు. తెరుచుకున్నాక అసలు వింగ్‌ని లైన్లు పట్టి లాక్కుని దగ్గరికి తెచ్చుకోవాలి, లేకపోతే అది మళ్ళీ ఎగరడానికి చూసి రిజర్వ్‌తో లాగులాట మొదలుపెడుతుంది, రెండూ చెరో వైపూ వాలితే దిగే వేగం పెరిగిపోతుంది. సగం లాగానేమో, అప్పటికే ఆకులు తగిలాయి. రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాను. ఈఎన్ 12491 అనే యూరప్ ప్రమాణం ప్రకారం రిజర్వ్ దిగే వేగం సెకనుకి 5.5 మీటర్లు మించకూడదు, అది వినడానికి చిన్న అంకెలా ఉంటుంది కానీ ఒకటిన్నర మీటరు గోడ మీంచి దూకినంత దెబ్బ. నేలయితే మడమ వాపుతో పోయేది కాదేమో. కొమ్మలు పట్టుకున్నాయి.

రెండంతస్తుల ఎత్తులో వేలాడుతున్నాను. చెట్టు మీద ఆగగానే బుద్ధి ఏం చెబుతుందంటే, బతికిపోయాం కదా, బకిల్స్ విప్పుకుని దిగిపోదాం అని. మళ్ళీ రేడియోలో అన్నే. "ఏదీ విప్పకు. ముందు నిన్ను నువ్వు కట్టుకో." గాలిలో బతికి, చెట్టు మీంచి దిగబోయి పడి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళ కథలు ఆయన చాలా చూశాడట. నా దగ్గర ఒక నైలాన్ పట్టీ, ఒక కారాబినర్ (తాళం ఉండే లోహపు కొక్కెం) ఉన్నాయి, లావు కొమ్మకి చుట్టి హార్నెస్‌కి తగిలించాను. కాళ్ళు కదుపుతూ ఉండు, ఊరికే వేలాడకు అన్నాడు. తర్వాత గంటంబావు సేపు ఐదేసి నిమిషాలకోసారి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు, ఒకసారి నా వింగ్ రంగు బాగోలేదని కూడా అన్నాడు.

చెట్టు కిందికి వచ్చిన ఇద్దరూ పైలట్లు కాదు. చెట్లెక్కడం తెలిసినవాళ్ళు, తాళ్ళు ఉన్నవాళ్ళు, అన్న ఎవరిని అడిగితే ఎవరు పంపారో నాకు ఇప్పటికీ తెలియదు. తాడు పైకి ఎలా అందించాలా అని వాళ్ళు చూస్తుంటే, నాకు జేబులో ఉన్న పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ డబ్బీ గుర్తొచ్చింది. ట్రైనింగ్‌లో ఇది కొనమన్నప్పుడు అందరం నవ్వాం. దాని కొసకి తాళంచెవి కట్టి కిందికి వదిలాను, వాళ్ళు దానికి సన్నతాడు కట్టారు, అది లాక్కున్నాను, సన్నతాడు వెనకే లావు తాడు వచ్చింది. ఒకతను పైకి ఎక్కి వచ్చి, నా నడుముకి ఇంకో తాడు కట్టి, అది రెండుసార్లు లాగి చూసి, అప్పుడుగానీ నా హార్నెస్ విప్పనివ్వలేదు. ఆ జాగ్రత్త ఎక్కడ నేర్చుకున్నాడో గానీ మా పైలట్లలో సగంమందికి లేదు.

వింగ్‌ని కూడా వాళ్ళే దించారు. నేను లాగేయండి పర్లేదు అన్నాను, వాళ్ళు వినలేదు. రైజర్ల (లైన్లని హార్నెస్‌కి కలిపే పట్టీల) దగ్గర లైన్లు తగిలించే చిన్న లింకులు ఎలా విప్పాలో నన్ను అడిగి, విప్పి, గుడ్డ ఒకవైపు నుంచి, లైన్లు ఒకవైపు నుంచి జారనిచ్చారు, అడ్డమైన చిన్న కొమ్మలు మాత్రం కోశారు. మూడు గంటలు పట్టింది. చివరికి చిరిగింది వింగ్‌లో గాలి నిండే గదుల్లో రెండే.

చివరిగా, వింగ్ చెక్ చేసిన వర్క్‌షాప్ పెద్దాయన. ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడు నాకున్న టెన్షనల్లా లైన్ ఏదైనా తెగిందా అనే. ఆయన నవ్వి, బరువు పరీక్షలో వింగ్‌ని 8 జీ దాకా, అంటే మోయాల్సిన బరువుకి ఎనిమిది రెట్ల దాకా, లాగి చూస్తారయ్యా, లైన్లు ఊరికే తెగవు, పొడవు మారతాయి అన్నారు. ఒక్కో లైన్‌నీ ఒకే బరువుతో లాగి పట్టి లేజర్‌తో కొలిచారు. డైనీమా అనే కృత్రిమ దారంతో చేసిన లైన్లు వేడికీ తేమకీ కుంచించుకుపోతాయట. మన బరువులో ఎక్కువ భాగం ముందు వరస మోస్తుంది కాబట్టి అవి సాగి ఉంటాయి, బరువు తక్కువ పడే వెనక వరసలు పొట్టి అవుతాయి. నావి ముందువాటితో పోలిస్తే దాదాపు 3 సెంటీమీటర్లు తగ్గాయి. అంటే ఎవరో నాకు తెలియకుండా కొద్దిగా బ్రేక్ లాగి పట్టుకున్నట్టే, వింగ్ ఎప్పుడూ ముక్కు పైకెత్తుకుని నెమ్మదిగా ఎగురుతోంది. దాని మీద, వేగాన్ని ఇంకా తగ్గించే బిగ్ ఇయర్స్ కూడా లాగాను, స్పీడ్ బార్ తొక్కకుండా.

"ఎక్కడ పెడతావు దీన్ని?" అన్నారు. కారు డిక్కీలో అన్నాను. "ఎండాకాలం కూడానా?" ఆ. "తడిసినప్పుడు?" ఒక్కోసారి ఆరబెట్టకుండానే. "వింగ్ తప్పేం లేదు, నువ్వే ఉడకబెట్టావు" అన్నారు. మాన్యువల్‌లో రెండేళ్ళకో 100 గంటలకో చెక్ చేయించమని ఉంది, నాది మూడేళ్ళు, 140 గంటలు. వింగ్ ఇంకా చక్కగా లేస్తోంది కదా అని వాయిదా వేస్తూ వచ్చాను, నిజానికి టేకాఫ్‌లో కొన్నాళ్ళుగా తల మీదికి రావడానికి బద్ధకిస్తోంది, అది కూడా గాలి తక్కువని సర్దిచెప్పుకున్నాను. గుడ్డ మాత్రం బాగుంది, గాలి లీకు పరీక్షలో గట్టిగానే నిలిచింది. చెట్టుకి రాసుకుని కొన్ని లైన్ల పైతొడుగు ఊడింది కాబట్టి, లూపులు సర్ది పొడవు సరిచేయకుండా మొత్తం సెట్టే మార్చారు. చిరుగులు కుట్టారు, సూదిమొనంత రంధ్రాలకి టేపు చాలన్నారు, నేనే వేశాను. బిల్లు ఇచ్చేటప్పుడు ఒక్క మాట కూడా తిట్టలేదు, అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు వింగ్ ఇంట్లో, నీడలో, వదులుగా మడిచి ఉంది. రిజర్వ్ అక్క దగ్గర ఆరుతోంది. మడమ తగ్గాక ముందు నేల మీదే నాలుగు రోజులు వింగ్ లేపుతూ ప్రాక్టీస్ చేయాలని అన్న చెప్పాడు, ఈసారి ఎదురు చెప్పలేదు.

చెట్టు దగ్గరికి వచ్చిన ఇద్దరికీ: ఆ హడావిడిలో మీ నీలం తాడు నా సంచిలోకి వచ్చేసింది, మీరు వెళ్ళిపోయాక చూశాను. మంచినీళ్ళతో కడిగి నీడలోనే ఆరబెట్టాను. ఈ పోస్టు మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తే కబురు చెప్పండి, నేనే తెచ్చి ఇస్తాను.