డెక్స్‌ట్రాన్ సీసాలో కలిసి వచ్చిన విడి రంగు గురించి ఫిర్యాదు

నాణ్యతా విభాగం మేనేజర్ గారికి,

విషయం: 70 కిలోడాల్టన్ల ఎఫ్ఐటీసీ-డెక్స్‌ట్రాన్ (చక్కెర గొలుసులాంటి పెద్ద అణువుకు ఎఫ్ఐటీసీ అనే మెరిసే రంగును అతికించిన డై; కిలోడాల్టన్ అంటే వెయ్యి డాల్టన్లు, అణువు బరువుకు కొలత), మీరు మార్చిలో పంపిన లాట్

అయ్యా,

వెన్నుపాముకు దెబ్బ తగిలాక అక్కడి రక్తనాళాలు ఎన్నాళ్ళు కారతాయో ఎలుకల్లో కొలవడం మా పని. దెబ్బ తగిలిన చోట నాళం గోడ పెద్ద అణువులకు ముందు మూసుకుంటుంది, చిన్నవాటికి బాగా ఆలస్యంగా. అందుకే ఎక్కించే రంగు ఏ సైజుదో ఖాయంగా తెలియాలి. 1885లో పాల్ ఎర్లిక్ ఎక్కించిన రంగు ఒళ్ళంతా పాకి మెదడును మాత్రం అంటలేదు. అప్పటినుంచీ ఈ పరీక్షలన్నీ నిలబడింది రంగు మీద నమ్మకంతోనే.

దెబ్బ తగిలిన 14వ రోజున మీ డై ఎక్కించిన ఎలుకల్లో రీడింగ్ బాగా ఎక్కువగా వచ్చింది. అదే దశలో ఎవాన్స్ బ్లూ అనే నీలి రంగు ఎక్కించిన వాటిలో నీలం దాదాపు లేదు. ఎవాన్స్ బ్లూ రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని తిరుగుతుంది. ఆ జంట కూడా సుమారు 70 కిలోడాల్టన్లే. రెండూ ఒకే మాట చెప్పాలి కదా! సెలైన్‌తో నాళాలు సరిగా కడగలేదేమోనని మా స్కాలర్‌ను నేనే కోప్పడ్డాను. గుండె నుంచి వచ్చే ద్రవం నీళ్ళలా తేటపడేదాకా కడిగి, ఆ అమ్మాయి మళ్ళీ మొదటినుంచి చేసింది. ఫలితం మారలేదు.

చివరికి మీ డైని కరిగించి, 30 కిలోడాల్టన్లకు మించిన అణువులను ఆపే ఫిల్టర్ ట్యూబులో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాం. కిందికి దిగిన ద్రవం తేటగా ఉండాలి. పసుపుపచ్చగా దిగింది. ఫ్రీజర్‌లో మిగిలిన పాత లాట్‌నూ అలాగే తిప్పి చూశాం, అది తేటగానే దిగింది. అంటే డెక్స్‌ట్రాన్‌కు అతుక్కోని విడి ఎఫ్ఐటీసీయో, రంగంటిన చిన్న ముక్కలో కొత్త సీసాలో ఉన్నాయి. ఎఫ్ఐటీసీ 389 డాల్టన్లే. మేము కొలిచింది దాని కారుడు.

12 ఎలుకలు ఊరికే పోయాయి. ఎథిక్స్ కమిటీ అనుమతించిన ప్రతి ప్రాణానికీ నేను జవాబు చెప్పాలి. ఇప్పుడు ఏమని చెప్పను?

ఫోన్ చేస్తే మీ ప్రతినిధి కొత్త సీసా పంపుతామన్నారు. దానితో సరిపెట్టుకోలేను. ఇదే లాట్ కొన్న ల్యాబులన్నీ ఈపాటికి తప్పుడు లెక్కలు రాసుకుంటూ ఉంటాయి. లాట్‌ను వెనక్కి తీసుకోండి, వాళ్ళందరికీ రాతపూర్వకంగా తెలపండి. ఇకపై ప్రతి లాట్ సర్టిఫికెట్‌తో విడి రంగు ఎంత ఉందో చూపే క్రొమటోగ్రామ్ జతచేయండి. మిగిలిన డైనీ, మా ఫిల్టర్ పరీక్ష ఫొటోలనూ మీ పరిశీలనకు పంపుతున్నాను. ఇతర ల్యాబులకు మీరు పంపే ఉత్తరం కాపీ 15 రోజుల్లో నాకు అందాలి.

ఇట్లు,
నాడీశాస్త్ర పరిశోధకురాలు,
హైదరాబాద్