1500 క్లాస్ కిట్ ఎందుకు ఆపానంటే

అందరికీ నమస్కారం. 1500 పానియర్ ట్యాంక్ అనే ఆవిరి రైలింజన్ చిన్న మోడల్‌కి నేను చేసే కన్వర్షన్ కిట్ (రెడీమేడ్ మోడల్ చాసిస్ మీద వేరే బాడీ పెట్టి ఇంకో ఇంజన్‌గా మార్చేది) బుక్ చేసుకున్నవాళ్ల దగ్గర్నుంచి రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి, ఎప్పుడు పంపుతారు అని. పార్శిళ్లు కట్టేదాకా వచ్చి నేనే ఆపేశాను. కారణం దాచకుండా చెప్తాను.

ఈ ఇంజన్ తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. వెనకాల టెండర్ అనే వేరే బండి లేకుండా నీళ్లు, బొగ్గు తన ఒంటి మీదే మోసుకెళ్లేది ట్యాంక్ ఇంజన్. ఆ నీళ్ల ట్యాంకులు చక్రాల పైనుండే రన్నింగ్ ప్లేట్ అనే పలక దాకా దిగకుండా బాయిలర్‌కి రెండు పక్కలా సంచుల్లా వేలాడుతుంటే పానియర్ ట్యాంక్. బ్రిటన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 5700 క్లాస్ పానియర్లు ఏకంగా 863 ఉండేవి, వాటి మోడల్స్‌కి కొరత లేదు. 1500 క్లాస్ మాత్రం పదే పది. ఆ రైల్వే చీఫ్ ఇంజనీర్ హాక్స్‌వర్త్ డిజైన్, 1949లో స్విండన్ వర్క్‌షాప్‌లో కట్టారు. చాలా పానియర్లకి సిలిండర్లు ఫ్రేముల మధ్య లోపల ఉంటాయి, వీటికేమో సిలిండర్లు, వాటిలోకి ఆవిరిని వదిలే కడ్డీల అమరిక (వాల్వ్ గేర్) అన్నీ బయటే, పక్కన రన్నింగ్ ప్లేట్ కూడా ఉండదు, ఎందుకంటే రిపేరు చేసేవాళ్ల చెయ్యి నేరుగా అందాలి. పాడింగ్టన్ స్టేషన్‌కి ఖాళీ బోగీలు లాక్కొచ్చే పని చేశాయి. ఇప్పుడు మిగిలింది 1501 ఒక్కటే, సెవెర్న్ వ్యాలీ రైల్వేలో ఉంది. నాకు ఈ ఇంజన్ అంటే ప్రాణం, అందుకే తొందరపడ్డాను.

1500 బాయిలర్ ఇంకో పానియర్ అయిన 9400 క్లాస్‌ది, చక్రాల సైజూ అంతే. కాబట్టి రెడీమేడ్ 9400 చాసిస్ మీద నా రెజిన్ బాడీ పెట్టేస్తే చాలని మీకు చెప్పాను. ఆ మాట తప్పు. 9400లో మొదటి ఇరుసు నుంచి చివరి ఇరుసుకి 15 అడుగుల 6 అంగుళాలు, 1500లో 12 అడుగుల 10 అంగుళాలే. మన 1:148 స్కేల్లో అది 31.9 మిల్లీమీటర్లు, ఇది 26.4. ఐదున్నర మిల్లీమీటర్లు ఎంతలే అనుకున్నాను. కానీ మొత్తం ఇంజనే వేలెడంత ఉన్నప్పుడు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందు చక్రం సిలిండర్ ఉండాల్సిన చోటికి వచ్చేసింది, సిలిండర్‌ని ముందుకి జరిపితే ఇంజన్ ముందుండే అడ్డ దూలానికి (బఫర్ బీమ్‌కి) ఆనుకుంది. ఇరుకు మలుపుల్లో తిరగడానికని పొట్టి వీల్‌బేస్‌తో (మొదటి, చివరి ఇరుసుల మధ్య దూరం) కట్టిన ఇంజన్‌ని నేను పొడుగు చేసి అమ్మబోయాను.

ఇంకో సమస్య శాంపిల్ నడిపినప్పుడు బయటపడింది. నేరు పట్టా మీద బాగానే ఉంది, మలుపులో టిక్కుమని ఆగిపోయింది. భూతద్దంతో చూస్తే క్రాస్‌హెడ్ (పిస్టన్ కడ్డీ చివర ముందుకీ వెనక్కీ జారే దిమ్మె) వెనక వైపు ముందు చక్రం క్రాంక్‌పిన్‌కి (చక్రానికి కడ్డీ తగిలించే మేకు) తగిలి గీత పడి ఉంది. మనం వాడే ఎన్ గేజ్ మోడల్ పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు ఉంటుంది, ఈ స్కేల్‌కి నిజానికి 9.7 ఉండాలి. పట్టాలు ఇరుకైతే లోపల చోటు మిగలాలి కదా అనిపిస్తుంది, కానీ మోడల్ చక్రాల అంచులు స్కేల్ కన్నా మందం, పైగా మలుపు తిరగడానికి ఇరుసులు పక్కకి కొంచెం జరగనివ్వాలి, ఆ మిగిలిన చోటు కాస్తా అక్కడే పోతుంది.

ఇప్పుడు చాసిస్ మొదటి నుంచి కొత్తగా గీశాను. నికెల్ సిల్వర్ రేకు ఎచ్చింగ్ (రసాయనంతో కోసి తీసేది), సరైన 26.4 వీల్‌బేస్, క్రాస్‌హెడ్ నడిచే స్లయిడ్ బార్లు 0.4 మిల్లీమీటర్లు బయటికి, ముందు క్రాంక్‌పిన్ తల అరగదీసి పల్చగా. చిన్న కోర్‌లెస్ మోటార్ క్యాబ్ వైపు పెట్టి వెనక ఇరుసుకి వార్మ్ గేర్‌తో కలిపాను. దాంతో పానియర్ ట్యాంకులు రెండూ ఖాళీ అయ్యాయి, బరువు కోసం వాటి నిండా సీసం కూరాను. ఇలా కట్టిన శాంపిల్ అదే మలుపులో రెండు వైపులా ఆగకుండా తిరిగింది.

దీంతో మీ మీద పని పెరుగుతుంది, అదీ చెప్పాలి. ఇక ఇది బాడీ మార్చేసి నడిపే కిట్ కాదు. సోల్డరింగ్ చేయాలి, వాల్వ్ గేర్‌లో చీమ తలంత రివెట్లు బిగించాలి, ఒక్కో వైపుకీ ఒక సాయంత్రం ఈజీగా పడుతుంది. చాసిస్ కట్టి ఇవ్వమని కొందరు అడిగారు. నేనొక్కణ్ణే, అన్ని కట్టడం నా వల్ల కాదు. సోల్డరింగ్ వద్దనుకునేవాళ్లకి డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను, కారణం అడగను. పాత బాడీ ముందే అందుకున్న నలుగురికి కొత్త చాసిస్ రేకు, సిలిండర్లు ఉచితంగా పంపుతాను.

నా ఇంకో కిట్, 7200 క్లాస్ ట్యాంక్ ఇంజన్‌ది, దాని గురించి టెన్షన్ వద్దు, అది సజావుగా ఉంది. అసలు రైల్వేనే 1934 నుంచి 2-8-0 (ముందు రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఎనిమిది పెద్దవి, వెనక ఏమీ లేని) ట్యాంక్ ఇంజన్లని వెనక పొడిగించి, ఇంకో జత చక్రాలు పెట్టి 54 తయారుచేసింది, మనమూ అదే దారిలో వెళ్తున్నాం. బీటీ అనే ఇంజనీర్ డిజైన్ చేసిన వెల్ ట్యాంక్ ఇంజన్ కిట్ అడిగేవాళ్లకి మాత్రం ఇప్పుడే మాటివ్వను. దాని నీళ్లు ఫ్రేముల మధ్య ఉంటాయి, పక్క ట్యాంకులే లేవు, బాయిలరేమో సన్నం. ఈ స్కేల్లో మోటార్ ఎక్కడ దాచాలో నాకింకా తోచలేదు.

కొత్త 1500 కావాలా, రీఫండ్ కావాలా అన్నది ఆర్డర్ నంబర్‌తో రాయండి. మీకు పంపాల్సిన రేకులు ఎచ్చింగ్ నుంచి రాగానే ఒక సెట్ నేనే కట్టి, మలుపు మీద నడిపి వీడియో పంపుతాను. అది చూశాకే మిగతా డబ్బు కట్టండి.