మగపిల్లల ఒంటి గురించి కూడా ఇంట్లో మాట్లాడండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు నోటీసు బోర్డులో పెట్టేశాం కాబట్టి ఈ నెల ఉత్తరంలో వేరే సంగతి రాస్తున్నాను. ఎనిమిదిలో కౌమార దశ పాఠం, పదిలో ప్రత్యుత్పత్తి పాఠం ఇప్పుడే నడుస్తున్నాయి. మన శ్రీకాకుళం వైపు ఆడపిల్ల పెద్దమనిషైతే చుట్టాలందరినీ పిలిచి భోజనాలు పెడతాం, అమ్మమ్మో పెద్దమ్మో పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెబుతారు. మగపిల్లాడికి గొంతు మారినా, మీసం మొలిచినా ఎవరూ ఏమీ చెప్పరు. నాన్న చెబుతాడులే అనుకుందామంటే చాలా ఇళ్లలో ఆయన వేరావల్‌లో బోటు మీదో, హైదరాబాద్‌లో బిల్డింగ్ పనిలోనో ఉంటాడు. అందుకే అమ్మలూ, ఇది మీరు కూడా చదవాలి.

ముందు అతి ముఖ్యమైనది చెప్పేస్తాను. మీ బాబు ఉన్నట్టుండి బీజాల దగ్గర విపరీతమైన నొప్పి అన్నా, సిగ్గుపడి పొత్తికడుపు నొప్పి అని మాత్రమే చెప్పి వాంతులు చేసుకుంటున్నా, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. వృషణం తన తాడు చుట్టూ తానే మెలి తిరిగిపోతే దానికి రక్తం అందదు, సుమారు ఆరు గంటల లోపు ఆపరేషన్ చేసి ఆ మెలి విప్పితేనే చాలావరకు దాన్ని కాపాడగలరు, ఆలస్యమైతే తీసేయాల్సి రావచ్చు. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలకే వస్తుంది, ఆటలో దెబ్బ తగిలాక రావచ్చు, ఏ దెబ్బా లేకుండా నిద్రలోనూ రావచ్చు. బామ్ రాయడం, వేడి కాపడం పెట్టడం, దిష్టి తీయడం ఏవీ వద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

అసలు ఆ భాగాలు ఒంటికి బయట ఎందుకు వేలాడుతున్నాయని ఎనిమిదో తరగతి పిల్లలు అడుగుతుంటారు, మంచి ప్రశ్న అది. శుక్రకణాలు సరిగా తయారవ్వాలంటే ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి, అందుకే బయట ఒక సంచిలో ఉంటాయి. చలికి ఆ సంచి ముడుచుకుని పైకి వస్తుంది, ఎండకి వదులై కిందికి జారుతుంది. ఒకటి రెండోదాని కంటే కాస్త కిందికి ఉండడం కూడా మామూలే, పిల్లలు దీని గురించి లోలోపల చాలా టెన్షన్ పడతారు, ఒక్క మాట చెబితే పోతుంది. అయితే చంటిబాబుకి ఒక పక్క సంచి ఖాళీగా ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి. ఆరు నెలలు నిండినా దిగకపోతే ఏడాది, ఏడాదిన్నర లోపే ఆపరేషన్ చేస్తారు, పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని వదిలేయకూడదు.

ఒక శుక్రకణం తయారవడానికి రెండు నెలలకు పైనే పడుతుంది. తర్వాత అది ఎపిడిడిమిస్ అనే చుట్టలు చుట్టుకున్న సన్నని గొట్టంలోకి వెళ్లి ముదురుతుంది, ఆ గొట్టాన్ని సాగదీస్తే దాదాపు ఇరవై అడుగులు ఉంటుంది. అక్కడి నుంచి శుక్రనాళం, దారిలో శుక్రాశయాలు, ప్రోస్టేట్ గ్రంథి తమ ద్రవాలు కలుపుతాయి. వీర్యంలో నూటికి తొంభై వంతులకు పైగా ఈ ద్రవాలే. శుక్రకణాలు చాలా కొద్ది భాగం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బస్టాండు గోడల మీద నరాల బలహీనత అంటూ అంటించే పోస్టర్లు మన పిల్లలు చదువుతున్నారు. నిద్రలో వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోతుందని, ఒక్క చుక్క వీర్యానికి ఎన్నో చుక్కల రక్తం కావాలని నమ్మి బెంగపెట్టుకుని తిండి మానేసే పిల్లలుంటారు. అది పూర్తిగా అబద్ధం. రోజూ కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి, బయటికి రానివి ఒంట్లోనే కరిగిపోతాయి. నిద్రలో అలా జరగడం ఈ వయసులో మామూలు, దానికి మందు లేదు, అవసరమూ లేదు. పొద్దున్నే దుప్పటి చూసి వాడిని తిట్టకండి.

ఇంకోటి. బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి శుక్రకణంలో ఎక్స్ క్రోమోజోమ్ ఉందా, వై ఉందా అన్నదాన్ని బట్టే. ఆడపిల్ల పుట్టిందని కోడలిని అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి పదో తరగతి మగపిల్లలకి ఈ ముక్క గట్టిగా చెబుతున్నాం.

బోదకాలు సంగతి మన జిల్లాలకి కొత్త కాదు. మురుగునీటిలో పెరిగే దోమ కుట్టడం వల్ల వచ్చే ఆ పురుగే మగవాళ్లలో వరిబీజానికీ, అంటే బీజాల సంచిలో నీరు చేరి వాచిపోవడానికీ, కారణమవుతుంది. ఆశా కార్యకర్త బోదకాలు మాత్రలు తెచ్చినప్పుడు దాచి పెట్టకుండా ఆమె ముందే మింగండి. ఇంట్లో తాతయ్యకి వరిబీజం ఉంటే పంచె చాటున దాచుకోనివ్వకండి, అది ఆపరేషన్‌తో తగ్గుతుంది.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి పీహెచ్‌సీ డాక్టరు గారు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల మగపిల్లలతో మాట్లాడతారు. ఐదింటికి పెద్దవాళ్లకు విడిగా సమయం ఉంచాం. నాన్న ఊళ్లో లేకపోతే అమ్మ రండి, లేదా మావయ్యనో బాబాయినో పంపండి. నలుగురిలో అడగడం ఇబ్బంది అనుకుంటే ప్రశ్నని చీటీ మీద పేరు లేకుండా రాసి పిల్లాడి చేత పంపించినా చాలు, ఆఫీసు గది బయట పెట్టె ఉంది.

ఇట్లు
మీ హెచ్ఎం