పాత స్టూడియోల నెగటివ్‌లను తుక్కుకు వెయ్యకండి

సంపాదకులు గారికి నమస్కారం.

రాజమహేంద్రవరంలో మా నాన్నగారి తర్వాత ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి. ఈమధ్య మా ఊళ్లో మరో పాత స్టూడియో మూతపడింది. ఆ నెగటివ్ పెట్టెలన్నీ తుక్కు బండి ఎక్కాయి. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో బొమ్మంతా వెండే కాబట్టి ఆ కాస్త వెండి కోసం కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. అది చూశాక ఉండబట్టలేక రాస్తున్నాను.

రీలు కెమెరాల కాలం అయిపోయింది. ఊటీలో ‘ఇందు’ ఫిల్ము తయారుచేసిన ప్రభుత్వ కర్మాగారమే మూతపడింది. 1975లో డిజిటల్ కెమెరాను తన దగ్గరే తయారుచేసిన కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ పిల్లల ఫోటోలు ఉంటున్నాయి, సంతోషమే. పాత పెట్టెల్లో ఉన్నవి మాత్రం మళ్లీ తీయగలిగేవి కావు. 1986 ఆగస్టు గోదావరి వరద, 1991 పుష్కరాలు, హేవ్‌లాక్ వంతెన మీద రైళ్లు తిరిగిన రోజులు, ఇవన్నీ మా ఊరి స్టూడియోల నెగటివ్‌లలో ఉన్నాయి.

ఆ మధ్య కోనసీమ నుంచి ఒకావిడ వచ్చారు. పసితనంలోనే తల్లి పోయిందట, ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఎవరిదో పెళ్లి గ్రూపులో నిలబడిందని మేనత్త చెబితే వెతుక్కుంటూ వచ్చారు. మా రిజిస్టర్‌లో పెళ్లివారి ఇంటిపేరు, ఊరు చూసి నంబరు పట్టుకుని, బటర్ పేపర్ కవరులోంచి నెగటివ్ తీశాను. ముఖం మినపగింజంత ఉంది. మీదపడే వెలుగులో వంచి చూస్తే నాన్నగారు పెన్సిల్‌తో టచింగ్ చేసిన సన్నటి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. స్కాన్ చేసి పెద్దది చేస్తే చెవి దుద్దుల రాళ్లతో సహా వచ్చింది. ‘అమ్మకి గడ్డం మీద పుట్టుమచ్చ ఉందా!’ అని ఆవిడ ఆ ఫోటో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

మన ఉక్కకి, తేమకి పాత ఫిల్ము తొందరగా పాడవుతుంది. పెట్టె మూత తీయగానే వెనిగర్ వాసన వచ్చిందంటే చెడిపోవడం మొదలైనట్టే. దాన్ని వెంటనే వేరు చేయకపోతే పక్కవాటికీ పాకుతుంది. కలర్ నెగటివ్‌లు ఇంకా ముందే వెలిసిపోతాయి కాబట్టి వాటినే మొదట స్కాన్ చేయాలి.

తాళపత్రాలను ఇన్నేళ్లు కాపాడిన గౌతమీ ప్రాంతీయ గ్రంథాలయం మా ఊళ్లోనే ఉంది. అక్కడ తేమ లేని ఒక గది, ఒక మంచి స్కానర్, పని తెలిసిన ఇద్దరు మనుషులు ఉంటే చాలు, పని మొదలవుతుంది. మిగతా జిల్లాల్లోనూ గ్రంథాలయాలు ఇలాగే చేయవచ్చు. నెగటివ్‌లతోపాటు రిజిస్టర్లు కూడా తప్పకుండా తీసుకోవాలి, అవి లేకపోతే ఏ ముఖం ఎవరిదో ఎవరూ చెప్పలేరు. ఇళ్లలో తీసిన ఫోటోలను ఆ కుటుంబాలను అడగకుండా బయటపెట్టకూడదు.

స్టూడియోలు మూసేస్తున్న తోటివారు కొంచెం ఆగమని నా మనవి. గ్రంథాలయం వారు సరేనంటే మా పెట్టెలు, రిజిస్టర్లు మొదట నేనే తెచ్చి ఇస్తాను. నాన్నగారి చేతిరాత చదివి పెట్టడానికి రోజూ వచ్చి కూర్చుంటాను.

– ఒక స్టూడియో యజమాని, రాజమహేంద్రవరం